చెదరినవారికి రాసిన ఉత్తరం

రాత్రి 11 దాటింది. ఫోన్‌లో మ్యాప్ మీద నీలం చుక్క కదలడం లేదు. మా అబ్బాయి స్నేహితుడి ఇంటి నుంచి బయలుదేరాడు, సగం దారిలో ఆ చుక్క ఆగిపోయింది. హాల్లో లైటు కూడా వెయ్యకుండా కిటికీ దగ్గర నిలబడ్డాను. స్క్రీన్ ఆరిపోబోతుంటే వేలితో తట్టి మళ్లీ వెలిగించుకుంటున్నాను. నోట్లో ‘ప్రభువా, కాపాడు, కాపాడు’ అని ఒకటే మాట, కళ్లు మాత్రం చుక్క మీదే. 20 నిమిషాలకు తలుపు తాళం తీస్తున్న చప్పుడైంది. ఫోన్ చార్జింగ్ అయిపోయిందట, అంతే. స్తోత్రం చెప్పాల్సిన నోటితో వాడి మీద అరిచాను. వాడు మాట్లాడలేదు. బూట్లు విప్పి గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మా అమ్మాయి నా పక్కన కూర్చుని అడిగింది. దానికి 14 ఏళ్లు. “అమ్మా, నువ్వు ప్రేయర్ చేసేటప్పుడు కూడా భయపడుతూనే ఉంటావు. మరి ప్రేయర్ దేనికి?”

నన్ను నొప్పించాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లకు రెండు రకాల దిగులు ఉంటుంది. మొదటిది ఎక్కడైనా ఉండేదే: చదువు, జ్వరం, రాత్రి ప్రయాణం. రెండోదాన్ని మనం పైకి చెప్పుకోం. ఈ పిల్లలు మన చేతుల్లోంచి జారిపోతున్నారేమో అన్న భయం అది. మా అమ్మ ఫోన్ చేస్తే పిల్లలు రెండు మాటలు మాట్లాడతారు, మూడో మాటకు తెలుగు అందదు. ఆరాధనకు వస్తారు గానీ పాట మొదలయ్యేసరికి మా అబ్బాయి పెదాలు కదలవు. ఆ పెదాలనే చూస్తూ ఎన్ని ఆదివారాలు పాడానో! భాష పోతోంది, దాని వెనకే విశ్వాసం కూడా పోతుందని మనసులో లెక్క కట్టుకున్నాను. ఆ లెక్క కట్టడాన్నే ప్రేమ అనుకున్నాను. చింతపడని తల్లి తల్లేనా అనుకునేదాన్ని.

మా ఇంట్లో రాత్రి ప్రార్థనలో ఒక్కో వచనాన్నీ రెండు భాషల్లో చదువుతాం. పిల్లలు ఇంగ్లీషులో, నేనూ మా ఆయనా తెలుగులో. అలా యేసు శిష్యుడు పేతురు రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో, 5వ అధ్యాయానికి వచ్చాం. 7వ వచనం నా వంతు. “ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి.” మా అమ్మాయి ఆపేసింది. “దేవుడు కూడా వర్రీ అవుతాడా?”

దాని ఇంగ్లీషు బైబిల్లో అక్కడ రెండు వేరువేరు మాటలున్నాయి. మూలమైన గ్రీకులోనూ రెండే. మనం పడే దిగులుకు ఒక మాట, ఆయన మనల్ని పట్టించుకోవడానికి ఇంకో మాట. మన తెలుగు అనువాదకులు రెంటికీ ‘చింత’నే వాడారు. దేవుడు కంగారు పడడనీ, ‘నీ సంగతి ఆయన చూసుకుంటున్నాడు’ అని దానర్థమనీ చెప్పాను. చెప్పడమైతే చెప్పాను గానీ ఆ తెలుగు మాట నన్ను వదల్లేదు. నా బిడ్డ గురించి చింతించే పని ఆయన ముందే తీసుకున్నాడు. మరి నేను కిటికీ దగ్గర చేస్తున్నదేమిటి?

తర్వాత ‘వేయుడి’ దగ్గర ఆగాను. ఇక్కడున్న గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే కనిపిస్తుంది, లూకా సువార్త 19:35లో. యేసు యెరూషలేముకు వెళ్లేటప్పుడు శిష్యులు తమ బట్టలు గాడిద పిల్ల మీద వేస్తారే, అక్కడ. ఒకసారి దాని మీద వేశాక ఆ బట్ట ఇక మన భుజం మీద ఉండదు. గాడిద పిల్ల నడిచిపోతుంది, బట్ట దాని వెంట పోతుంది. నేనో, వేసినట్టే వేసి కొస మాత్రం గుప్పిట్లో పట్టుకున్నాను. ఆయన నడవబోతే వెనక్కి లాగాను.

నిజానికి నన్ను ఎక్కువగా కదిలించింది ఈ వచనం కాదు, ఆ పత్రికలోని మొదటి వాక్యం. ఎన్నిసార్లు చదివినా గమనించలేదు. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ దేశాల్లో ‘చెదరినవారి’కి రాస్తున్నానంటాడు పేతురు. ఇవన్నీ ఇప్పటి టర్కీలోని ప్రాంతాలు. చింతను ఆయన మీద వేయమన్న మాట మనలాంటి చెదరినవాళ్లకే వచ్చిన ఉత్తరంలో ఉంది! చుట్టుపక్కలవాళ్లు తాము చేసేవన్నీ వీళ్లు చెయ్యకపోతే వింతగా చూస్తున్నారని కూడా పేతురే రాశాడు. వాళ్ల పిల్లలూ ఆ వీధుల్లోనే ఆడుకుని ఉంటారు, ఆ వింత చూపులు వాళ్లకూ తగిలి ఉంటాయి. అయినా మూటాముల్లె సర్దుకుని వెనక్కి వెళ్లిపొమ్మనలేదు, తలుపులు బిగించుకోమనలేదు. మీలో ఉన్న నిరీక్షణకు, అంటే ఆశకు, కారణం ఎవరడిగినా సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. ఆ కారణం బయటివాళ్లే అడుగుతారనుకున్నాను. మా ఇంట్లోనే, నా పక్కన కూర్చుని నా కూతురు అడిగింది.

ఇంకొక కుటుంబం కూడా నాకు ధైర్యమిస్తుంది. అపొస్తలుడైన పౌలుకు శిష్యుడు తిమోతి. అతని తల్లి యునీకే యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. బిడ్డ పేరు గ్రీకు పేరు. యూదుల ఇంట్లో పుట్టిన మగబిడ్డకు ఎనిమిదో రోజున జరగాల్సిన సున్నతి కూడా వాడికి జరగలేదు, పెద్దయ్యాక పౌలు చేయించాడు. ఆ ఇంట్లో యునీకే అనుకున్నవన్నీ జరగలేదన్నమాట. అయినా పౌలు తిమోతికి రాస్తూ, నీ అవ్వ లోయిలోనూ నీ తల్లి యునీకేలోనూ ఉన్న నిష్కపటమైన విశ్వాసం నీలోనూ ఉందన్నాడు. ‘నిష్కపటమైన’ అన్న మాట దగ్గర నాకు గుండె బరువెక్కింది. పిల్లలు మనం నేర్పిన వచనాలు వింటారు, మన మొహాలూ చూస్తారు. నేను నోటితో ‘ఆయన కాపాడతాడు’ అని, చేతిలో ఫోన్ వణికిస్తుంటే, వాళ్లు నమ్మింది ఫోన్‌నే.

అందుకని మా అబ్బాయితో కూర్చున్నాను. “ఆ రాత్రి నేను కోప్పడింది నీ మీద కాదు నాన్నా, నా భయం మీద. నన్ను క్షమించు” అన్నాను. వాడు చాలాసేపు తల దించుకున్నాడు. “నేను పాడకపోతే నీకు బాధని తెలుసమ్మా. నువ్వు చూస్తుంటే అసలు పాడలేను” అన్నాడు. అప్పటి నుంచి ఆరాధనలో వాడి పక్కన నిలబడితే కళ్లు మూసుకుంటున్నాను.

ఇప్పుడు వాడు బయటికి వెళ్తే మా మధ్య ఒక్కటే ఒప్పందం: బయలుదేరేటప్పుడు ఒక మెసేజ్. హాల్లో లైటు వేసి ఉంచుతాను. ఫోన్ వేరే గదిలో పెట్టి, 127వ కీర్తన చదువుకుని పడుకుంటాను. “యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాండ్రు మేలుకొని యుండుట వ్యర్థమే.” అయిదే వచనాలున్న ఆ చిన్న కీర్తనలో కావలి ఉంది, నిద్ర ఉంది, పిల్లలు ఆయన ఇచ్చే స్వాస్థ్యం, అంటే వారసత్వపు ఆస్తి, అన్న మాటా ఉంది. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. రెండుసార్లు లేచి ఆ గది తలుపు దాకా వెళ్లాను. రెండుసార్లూ తిరిగొచ్చి, మోకాళ్ల మీద పడి, మళ్లీ ఆయన మీదే వేశాను. ఒక్కసారి వేస్తే చాలదు నాలాంటిదానికి. రోజూ వెయ్యాలి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. దిగులు ముదిరి ఊపిరాడక, వారాల తరబడి నిద్ర లేక బాధపడేవాళ్లకు ‘విశ్వాసం చాల్లేదు’ అనకండి. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవదూత గద్దించలేదు. తట్టి లేపి రొట్టే నీళ్లూ ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, ఇంకోసారి లేపి తినిపించాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా ఆయన చేతిని అందుకోవడమే.

మా అబ్బాయి ఇప్పటికీ అన్ని పాటలూ పాడడు. వాడి ప్రశ్నలు వాడికున్నాయి. పోయిన నెల కాలేజీకని వేరే ఊరు వెళ్లాడు. బయలుదేరే ముందు, పెట్టెలు గుమ్మం దగ్గరుండగా, అందరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. నేను ప్రార్థన మొదలుపెట్టబోతే నాకు గొంతు పూడుకుపోయింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తనకొచ్చిన తెలుగులో తానే చేసింది.

“ప్రభువా, అన్నయ్య గురించి నువ్వు చింతించు. అమ్మ పడుకోవాలి.”

అందరం ఆమేన్ అన్నాం. వాడూ అన్నాడు.