బావి అవ్వ

కందుకూరులో మా పాత మిద్దె వాటాలు వేసుకుందామని కూర్చుంటే, దస్తావేజు రాసే రైటర్ ముందుగా అడిగింది లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తే 1983 నుంచే వచ్చింది. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఆ తిప్పలెందుకని అటక మీద నుంచి నాయనమ్మ ట్రంకుపెట్టె దించితే, పాత పంచె ముక్కలో కట్టిన మూట దొరికింది.

పైన అన్నీ పన్ను రసీదులే. ఇల్లు అంగుళం కదల్లేదు గానీ జిల్లాలు మాత్రం బాగానే తిరిగింది. మొదట నెల్లూరు, 1970లో కొత్త జిల్లా చేశాక ఒంగోలు, 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు, 2022లో మళ్లీ నెల్లూరు.

అడుగున జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, మా తాత కొన్న దస్తావేజు. స్థలం 30 అంకణాలు అని ఉంది. తిరుపతిలో ఉండే మా బావ ఫోన్‌లోనే లెక్కగట్టి, "ఇదేంది, సగమే మనదా?" అని టెన్షన్ పడ్డాడు. పాపం, వాళ్ల అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు అంకణం 72!

అమ్మినావిడకి భర్త లేడు. "నా పెనిమిటి చేసిన అప్పులు తీర్చు నిమిత్తము" అని రాయించి వేలిముద్ర వేసింది, సిరా ఎక్కువై గీతలేవీ కనపడకుండా నల్లటి మచ్చలా పడింది. దానిపైన ఇంకో మాట ఉంది, దొడ్లో బావి నీళ్లు బతికినన్నాళ్లు తోడుకునే హక్కు ఆమెదేనని.

అప్పుడు వెలిగింది నాకు. చిన్నప్పుడు రోజూ తెల్లారగట్ల దొడ్డి తలుపు నెట్టుకుని, ఎవర్నీ పిలవకుండా, ఇత్తడి బిందెతో ఒక అవ్వ వచ్చేది. బావి అవ్వ అనేవాళ్లం. నీళ్లు తోడుకుని అటునుంచి అటే పోయేది, ఒక్కనాడూ వసారా ఎక్కలేదు. వాళ్ల వీధిలో కుళాయిలు పడ్డాక కూడా మానలేదు. "అవ్వా, మీ ఇంట్లో నీళ్లు రావా?" అని ఒకసారి అడిగితే నాయనమ్మ తొడపాశం పెట్టింది, ఎందుకో చెప్పలేదు.

మొన్న వెళ్లి చూశాను. బోరు వేశాక బావి జోలికి ఎవరూ పోలేదు, గట్టు రాయి మీద చేంతాడు రాసుకుని పడిన గాడిలో చిటికెన వేలు పడుతుంది. బావి బాబాయి వాటాలోకి వస్తోంది. పూడ్చేసి కారు షెడ్డు వేస్తానంటున్నాడు.