స్పానిష్ మాట్లాడేవారి ఇంగ్లిష్‌లో తప్పులు ఎక్కడ పుడతాయి?

స్పానిష్‌లో క్రియ చివరే కర్త ఎవరో చెప్పేస్తుంది. ‘అబ్లో’ అంటే చాలు, ‘నేను మాట్లాడతాను’ అని అర్థం. విడిగా ‘యో’ (నేను) అక్కర్లేదు. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్‌లో ‘ఈజ్ రెయినింగ్’, ‘ఈజ్ ఇంపార్టెంట్ టు స్టడీ’ అనేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే మొండి తప్పు ఇదే. ఇక్కడ రావలసిన ‘ఇట్’కి సొంత అర్థమేమీ లేదు, ఖాళీగా ఉన్న కర్త స్థానాన్ని నింపడమే దాని పని. అందుకే అది లేని లోటు వారికి తెలియదు. రాసిన పేరాలో ప్రతి క్రియ కిందా గీత గీసి, దానికి కర్త ఉందో లేదో చూసుకోవాలి. ‘బికాజ్’, ‘వెన్’ తర్వాత మరీ జాగ్రత్తగా చూడాలి.

‘ఐ డోంట్ నో నథింగ్’కి మూలం స్పానిష్‌లోని ‘నో సే నాదా’ (నాకేమీ తెలియదు). అక్కడ రెండు వ్యతిరేక పదాలు కలిసి రావడమే నియమం. ప్రామాణిక ఇంగ్లిష్‌లో ఒక్కటే రావాలి: ‘ఐ డోంట్ నో ఎనీథింగ్’.

జనం అనే అర్థమున్న ‘హెంతే’ ఏకవచనం కాబట్టి ‘పీపుల్ ఈజ్’ అంటారు. ‘పీపుల్ ఆర్’ సరైనది. స్పానిష్ విశేషణాలకూ బహువచనం ఉంటుంది, దాంతో ‘రెడ్స్ కార్స్’ పుడుతుంది. వయసు చెప్పేటప్పుడు ‘ఐ హావ్ 20 ఇయర్స్’ కాదు, ‘ఐ యామ్ 20’.

‘డిపెండ్స్ ఆఫ్’ లాంటి తప్పులు నియమాలతో దారికి రావు. ‘డిపెండ్ ఆన్’, ‘మ్యారీడ్ టు’, ‘థింక్ అబౌట్’ అని జంటగానే కంఠస్థం చేయాలి. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ది ప్రాబ్లమ్’ బదులు ‘ఎక్స్‌ప్లెయిన్ ది ప్రాబ్లమ్ టు మీ’ అనాలి.