పెద్దమ్మ అడిగిన మాట

రాత్రి పదకొండున్నర అయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. పొద్దున ఫోన్‌లో పెద్దమ్మ అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. మే నెలలో మహారాష్ట్రలోని తాడోబా వెళ్తున్నాం, తిరిగొచ్చేటప్పుడు వీలైతే కాగజ్‌నగర్‌లో దిగి నిన్ను చూసి పోతామని చెప్పడానికి చేశాను. "ఏడికి?" అంది. చంద్రపూర్ అవతల పెద్ద అడవి ఉంది పెద్దమ్మా, జీపులో లోపలంతా తిప్పుతారు, పులులు కనిపిస్తాయట అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పైసలు గట్టి పులిని సూడవోతున్నరా బిడ్డా?" అంది. అందులో వెక్కిరింపు లేదు, కోపం లేదు. నిజంగా అర్థం కాకే అడిగింది. పిల్లాడికి సెలవులు కదా అని ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను.

అప్పటికే నా మనసు బాగాలేదు. మూడు రోజుల ట్రిప్పుకి మూడు వారాలుగా చర్చ నడుస్తోంది మా ఇంటి గ్రూపులో. ఈయనకి సెలవు సోమ, మంగళవారాలే దొరికింది. మంగళవారం తాడోబా కోర్, అంటే లోపలి అసలు అడవి, మూసి ఉంటుంది. ఆ సంగతి నేను మొదటి రోజే రాశాను, ఎవరూ చదవలేదు, పది రోజుల తర్వాత మరిది అదే విషయం తనే కనిపెట్టినట్టు గ్రూపులో పెడితే అందరూ "అయ్యో అవునా" అన్నారు. సరే, బుధ, గురువారాలకి మార్చుకున్నాం. తర్వాత మోహర్లీ గేటా, కోలారా గేటా అని ఇంకో వారం. శని, ఆదివారాల్లో రేటు కూడా ఎక్కువే, వద్దని ముందే అనుకున్నాం కాబట్టి అదొక్కటే గొడవ లేకుండా తేలింది. వీళ్ళు తేల్చుకునేలోపు మేం అనుకున్న పొద్దుటి సఫారీల్లో ఒకటి నిండిపోయింది. ఇప్పుడు ఒక పొద్దుటిది, రెండు మధ్యాహ్నానివి మిగిలాయి. మే నెలలో చంద్రపూర్ దగ్గర నలభై ఐదు డిగ్రీలు మామూలు విషయం. మధ్యాహ్నం మూడింటికి పైకప్పు లేని జిప్సీలో చిన్నోడిని కూర్చోబెట్టాలి. తడి తువ్వాళ్ళు ఎన్ని పెట్టుకోవాలి, నీళ్ళు ఎన్ని సీసాలు, ఈ లెక్కలన్నీ చివరికి ఎవరి మీద పడతాయో మీకు తెలుసు.

నాకు నిజంగా ఒళ్ళు మండింది మాత్రం వీటికి కాదు. మరిది రోజుకోసారి అడిగే ఒక్క ప్రశ్నకి. "వదినా, ఏ గేటులో అయితే గ్యారంటీగా కనిపిస్తుంది?" గ్యారంటీ ఏమిటి? అది అడవి. వాళ్ళ ఆఫీసులో ఎవరో ఒకే సఫారీలో మూడు పులుల్ని చూశారట. అప్పటి నుంచి మాకూ మూడు కావాలి. ఎవరో ఏజెంటు పంపిన మెసేజీ గ్రూపులో పెట్టాడు, ఏ రోజు ఏ గుంట దగ్గర ఏ పులి కనిపించిందో వరసగా రాసి ఉంది, రైళ్ళ టైమ్ టేబుల్ లాగా. దాన్ని చూసి ఈయన కూడా, "కనిపించకపోతే అంత దూరం పోవడం దండగే కదా" అన్నారు. అన్నం వడ్డిస్తున్న గరిటె అక్కడే పెట్టేసి లేచాను. వాళ్ళకి ఎందుకో అర్థం కాలేదు.

కూర్చుని పెద్ద మెసేజీ రాశాను. ఎండాకాలంలో ఆకులన్నీ రాలి అడవి లోపలి దాకా కనిపిస్తుందని, తపసి చెట్లు తెల్లటి బెరడుతో ఎండలో మెరుస్తూ నిలబడతాయని, రేచుకుక్కలు గుంపుగా నీళ్ళ దగ్గరికి వస్తాయని, అడవి దున్న ఎదురుగా నిలబడితే జిప్సీ చిన్నదిగా కనిపిస్తుందని. తాడోబా చెరువు ఒడ్డున తారు దేవుడి గుడి ఉంది. తారు అనే ఊరి పెద్ద పులితో పోరాడి చనిపోయాడని, ఆయన పేరు మీదే తాడోబా అయిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పుష్య మాసంలో గోండులు అక్కడ జాతర చేస్తారు. అది కూడా రాశాను. 1955లో నేషనల్ పార్కు అయింది, మహారాష్ట్రలో అదే మొదటిదని కూడా రాశాను. మరిది బొటనవేలు బొమ్మ పెట్టాడు. తోడికోడలు, "ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరట, నిజమేనా అక్కా?" అని అడిగింది. నిజమే. నాకు ఆ రూలు చాలా నచ్చింది.

ఇక్కడిదాకా రాసి ఆపి నీళ్ళు తాగి వచ్చాను. పెద్దమ్మ మాట దగ్గర మొదలుపెట్టి మరిది మీద పడ్డాను. అసలు నన్ను తొలుస్తున్నది పెద్దమ్మ మాటే.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు మొత్తం పెద్దమ్మ ఊళ్ళోనే గడిచేవి. మే నెలంటే తునికాకు, బీడీలు చుట్టే ఆకు. పొద్దు పొడవక ముందే ఆడవాళ్ళంతా అడవిలోకి పోయేవాళ్ళు, వెనకాల నేనూ, అక్కలూ. చల్లగా ఉండగానే లేత ఆకు తెంపి, మూట కట్టి నెత్తిన పెట్టుకుని, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరాలి. తర్వాత చింతచెట్టు కింద కూర్చుని యాభై ఆకులకో కట్ట. యాభై లెక్కపెట్టడం నేను బడిలో నేర్చుకోలేదు, ఆ చెట్టు కింద నేర్చుకున్నాను. ఒక ఆకు తక్కువ పడినా పెద్దమ్మ వేళ్ళకి తెలిసిపోయేది, విప్పదీసి మళ్ళీ కట్టించేది. సాయంత్రం కట్టలన్నీ తీసుకుని ఆకు కొనే కల్లం దగ్గరికి పోవడం, అక్కడ వరసలో పెట్టి లెక్క రాయించుకోవడం. ఆ ఆకు వాసన చేతులకి అంటుకుని రాత్రి అన్నం తింటుంటే కూడా వచ్చేది.

అలా ఒకరోజు వాగు దాటి పోతున్నాం. వాగులో నీళ్ళు లేవు, ఇసకే. పైన చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. ఒకసారి, రెండుసార్లు, తర్వాత ఆపకుండా. పెద్దమ్మ అక్కడే నిలబడిపోయింది. వెనక వస్తున్నవాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టింది. నా మణికట్టు పట్టుకుంది, ఎంత గట్టిగా అంటే ఇప్పటికీ ఆ చోటు చూపించగలను. ఎక్కడో దూరంగా ఒక దుప్పి అరిచింది. పదిమంది ఆడవాళ్ళలో ఒక్కరు కూడా మాట్లాడలేదు. ఇసకలో అడుగు ఉంది. నా అరచెయ్యి పెట్టి చూడబోతే పెద్దమ్మ లాగేసింది. అందరం వెనక్కి తిరిగాం, ఖాళీ చేతులతో. ఆ రోజు ఆకు లేదు, ఆ రోజు డబ్బులు లేవు. ఇంటికి వచ్చాక నేను "పులేనా పెద్దమ్మా?" అంటే, "దాని పేరెత్తకు" అంది. అది పెద్దపులో చిరుతో ఈరోజుకీ తెలియదు. అది మమ్మల్ని చూసే ఉంటుంది. మేం దాన్ని చూడలేదు.

ఆ తర్వాత మా చిన్నతనం అయిపోయేదాకా ఆ వైపు పులి మాటే పెద్దగా లేదు. 2015 ప్రాంతంలో తాడోబా నుంచి ఒక ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోకి వచ్చింది, ఫాల్గుణ అని పేరు పెట్టారు, అక్కడే పిల్లల్ని కన్నది. తాడోబాలో పులులు పెరిగి చోటు చాలక, వయసుకొచ్చినవి ప్రాణహిత దాటి మన వైపు వస్తున్నాయి. అంటే మేం టికెట్ కొని చూడబోతున్న పులుల తోడబుట్టినవే పెద్దమ్మ చేల పక్కన తిరుగుతున్నాయి. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేలో పని చేస్తున్న ఇరవయ్యొక్కేళ్ళ అమ్మాయిని పులి చంపేసింది. ఆ వారమంతా పెద్దమ్మకి రోజూ ఫోన్ చేశాను. తల వెనక్కి మనిషి మొహం బొమ్మ కట్టుకుని పత్తి ఏరుతున్నామని చెప్పింది, పులి వెనక నుంచే వస్తుంది కాబట్టి ఫారెస్టువాళ్ళు ఇచ్చారట. పొద్దెక్కాక పోయి, పొద్దుండగానే రమ్మన్నారట. అప్పుడు ఆ మాట విని ఏడ్చాను. ఇప్పుడు అదే పెద్దమ్మకి ఫోన్ చేసి పులిని చూడ్డానికి పోతున్నామని సంబరంగా చెప్పాను.

మధ్యాహ్నం కొంతసేపు ఈ ట్రిప్పు మానేద్దామనే అనుకున్నాను. ఈయనకి మెసేజీ కూడా టైపు చేసి ఆపేశాను. మానేస్తే ఎవరికి మేలు? అక్కడ జిప్సీ నడిపేవాళ్ళు, గైడ్లు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. గేటు దగ్గర వచ్చే ఆ డబ్బే లేకపోతే ఆ ఊళ్ళకి పులి ఒట్టి భయమే అవుతుంది. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మరిదిని ఇన్ని మాటలు అన్నాను గానీ, ఈ నెలంతా రాత్రుళ్ళు తాడోబా వీడియోలు చూసింది నేనే. 2023లో కనిపించకుండా పోయిన మాయ అనే ఆడపులి పాత వీడియోలు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పులి కనిపించకపోయినా పర్వాలేదు అని గ్రూపులో రాశాను, అది నిజం కాదు. నాకు కనిపించాలి. వాగు దగ్గర ఆ రోజు మమ్మల్ని చూసినదాన్ని ఒక్కసారి నేను చూడాలి. మరిదికి మూడు కావాలి, నాకు ఒక్కటి చాలు, అంతే తేడా.

సాయంత్రం మళ్ళీ పెద్దమ్మకి చేశాను. జిప్సీలో ఆరు సీట్లు, మేం ఐదుగురం. అత్తయ్య నడుం నొప్పితో రానన్నారు. ఆరో సీటు ఖాళీ, నువ్వు రా పెద్దమ్మా, కాగజ్‌నగర్‌లో మా రైలు ఎక్కితే చాలు, బల్లార్షా దాటితే చంద్రపూరే అన్నాను. "నాకద్దు బిడ్డా. కండ్లనిండ సూత్తే మల్ల చేన్లకు పోబుద్ధి గాదు" అంది. తర్వాత, "ఆ అడివిల ఊర్లున్నయా?" అని అడిగింది. ఉండేవి పెద్దమ్మా, నవేగావ్, జామ్నీ లాంటి ఊళ్ళని బయటికి తరలించారు అన్నాను. "ఆళ్ళు ఇప్పుడు ఏం జేత్తున్రు?" అంది. వాళ్ళకి భూమి ఇచ్చారనో, ఇళ్ళు కట్టారనో ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. చెప్పలేదు. అక్కడ గైడ్‌ని అడిగి వచ్చి చెప్తానన్నాను. "అడుగు, మర్శిపోకు" అంది.

ఇందాక తిరుగు టికెట్లు తీసి చూశాను, ఇంకా కన్‌ఫర్మ్ కాలేదు. అవి క్యాన్సిల్ చేసి, చంద్రపూర్ నుంచి కాగజ్‌నగర్ వరకు ఒకటి, రెండు రోజుల తర్వాత కాగజ్‌నగర్ నుంచి హైదరాబాద్ ఒకటి బుక్ చేశాను, మా ముగ్గురికే. మరిదివాళ్ళు నేరుగా వెళ్ళిపోతారు. ఈయనకి ఇంకా చెప్పలేదు, సెలవు ఇంకో రెండు రోజులు పెంచుకోమనాలి. అప్పటికి తునికాకు ఇంకా నడుస్తూ ఉంటే చిన్నోడు యాభై లెక్కపెడతాడు.