మూలన తక్కువైన ముక్క

మా బ్యాచ్‌లో ఎవరిని కదిపినా, పదో తరగతి లెక్కలనగానే పాత క్యాలెండర్ కాగితాలూ కత్తెరా గుర్తుచేస్తారు. వర్గ సమీకరణాలు మొదలుపెట్టిన రోజు మాస్టారు సూత్రం జోలికే పోలేదు. బోర్డు మీద ఎక్స్² + 10ఎక్స్ = 39 అని రాసి, క్యాలెండర్ కాగితంలోంచి ఒక చతురస్రం కత్తిరించి, దీని భుజం ఎంతో తెలీదు కాబట్టి ఎక్స్ అనుకుందాం అన్నారు. 10ఎక్స్‌ని రెండు సగాలు చేసి, 5 వెడల్పున్న పట్టీ ఒకటి కుడిపక్కన, ఇంకొకటి కింద ఆనించారు. మూడూ కలిపితే 39. కానీ కింద కుడి మూలన ఖాళీ.

"ఏం తక్కువైందిరా?"

వెనక బెంచీ నుంచి ఎవరో "ఐదైదులు ఇరవై ఐదు సార్" అన్నారు. 39కి 25 కలిపితే 64, పెద్ద చతురస్రం భుజం 8, అందులో 5 పోతే ఎక్స్ 3. వర్గాన్ని పూర్తి చేయడమంటే నిజంగానే ఆ మూల పూడ్చడమని నాకు ఆ రోజే తెలిసింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త ఇదే లెక్కకు ఇలాగే బొమ్మ గీశాడట.

నాకు భిన్నాలంటే మాత్రం టెన్షన్. 2ఎక్స్² + 7ఎక్స్ + 3 = 0ని 2తో భాగించి, 7/4ని వర్గం చేసేసరికి ఎక్కడో ఒకచోట తప్పేది. అది చూసి మాస్టారు మన పాతకాలపు గణితవేత్త శ్రీధరాచార్యుడి పద్ధతి చెప్పారు. ఎక్స్² ముందున్న అంకెకు నాలుగు రెట్లతో, అంటే ఇక్కడ 8తో, మొత్తం గుణించాలి. 16ఎక్స్² + 56ఎక్స్ + 24 = 0 వస్తుంది. 24ని అవతలికి పంపి రెండు పక్కలా 7 వర్గం, అంటే 49, కలిపితే (4ఎక్స్ + 7)² = 25. ఒక్క భిన్నం లేదు! మూలాలు -1/2, -3. మూలాలు అవే, రాత మారిందంతే. శ్రీధరుడి బీజగణిత గ్రంథం మనకు దక్కలేదు, 1150లో భాస్కరాచార్యుడు తన పుస్తకంలో ఉటంకించబట్టి ఈ ఉపాయం మిగిలింది.

మొన్న మా అమ్మాయి ఆ 39 లెక్కనే సూత్రంతో చేసి 3, -13 అని రాసుకుంది. నేను కాగితం కత్తిరించి చూపిస్తే, "మరి మైనస్ 13 ఏది నాన్నా?" అంది. కాగితానికి మైనస్ భుజం ఉండదమ్మా, అల్ ఖ్వారిజ్మీ కూడా 3 దగ్గరే ఆగాడు అన్నాను. 64కి 8తో పాటు -8 కూడా వర్గమూలమే కదా అంటూ, అది కాగితాలు పక్కకు జరిపి పెన్ను అందుకుంది.