ర్యాంపు మీద ఉండాల్సింది ఐదు నిమిషాలే

మెమోరియల్ డే వారాంతంలో డాలస్ చుట్టుపక్కల ఏ లేక్‌కి వెళ్ళినా ర్యాంపు దగ్గర ఒకటే దృశ్యం. ట్రక్కులూ ట్రైలర్లూ రోడ్డు దాకా బారు తీరి ఉంటాయి. లేన్ మధ్యలో ఒకాయన తీరిగ్గా బోటు కవరు విప్పి, పిల్లలకి లైఫ్ జాకెట్లు తొడిగి, కూలర్లూ బిర్యానీ ట్రేలూ ఒక్కొక్కటే పైకి అందిస్తుంటాడు. వెనక పదిమంది ఇంజన్లు ఆపుకుని చూస్తుంటారు. ఆయన మర్యాద లేని మనిషేం కాదు, పని వరస తెలియదంతే. కానీ ర్యాంపు దగ్గర ఈ రెండిటికీ తేడా కనిపించదు.

ర్యాంపు అంటే నీళ్ళలోకి దిగే వాలు కాంక్రీటు. సాధారణంగా వంద అడుగులకి 12 నుంచి 15 అడుగులు దిగుతుంది. దాని మీద చేయాల్సిన పనులు రెండే: బోటు దింపడం, బోటు ఎక్కించడం. మిగతా పనంతా పార్కింగ్ వైపు, దారికి అడ్డం లేకుండా పక్కన ఆగి చేసుకోవాలి.

పక్కన ఆగినప్పుడు మొట్టమొదట డ్రెయిన్ ప్లగ్, అంటే బోటు అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి బిగించే మూత. దాన్ని చేత్తో తిప్పి, బిగిసిందని వేళ్ళకి తెలిసేదాకా వదలకండి. "పెట్టే ఉంటానులే" అనుకున్నవాళ్ళ బోట్లే మునుగుతాయి. తర్వాత బోటు వెనక భాగాన్ని ట్రైలర్‌కి కట్టిన రెండు పట్టీలూ విప్పండి. ఇవి మరిచిపోతే బోటు ట్రైలర్‌ని వదిలి రాదు, పైగా ట్రైలర్‌ని కూడా తనతో పైకి లేపుతుంది. ముందున్న వించ్ (చేత్తో తిప్పి బోటుని లాగే చక్రం) పట్టీ, సేఫ్టీ గొలుసు మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. ముఖ్యంగా రోలర్ల మీద కూర్చునే బోటుకి వించ్ విప్పి వాలులోకి తీసుకెళ్తే అది నీళ్ళ దాకా ఆగదు, కాంక్రీటు మీదే జారిపడుతుంది.

ఇక తాళం చెవి, బ్యాటరీ స్విచ్, పెట్రోలు, లైఫ్ జాకెట్లు చూసుకోవాలి. డాక్‌కి, అంటే ర్యాంపు పక్కన బోటు ఆపే వేదికకి, ఆనే వైపు ఫెండర్లు (బోటు ఒరుసుకోకుండా కాపాడే దిండ్లు) వేలాడదీయాలి. ముందు ఒకటి, వెనక ఒకటి తాళ్ళు కట్టాలి. తెలుగు పడవ మాటల్లో ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. అణియానికి కట్టే తాడు 15 నుంచి 20 అడుగులు ఉండాలి. ఆరడుగుల తాడుతో బోటు దింపేవాళ్ళు చివరికి నీళ్ళలోకి దిగక తప్పదు. ఇంజన్ బోటు లోపల ఉండే రకమైతే స్టార్ట్ చేసేముందు బ్లోయర్ (లోపలి ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) కనీసం 4 నిమిషాలు ఆడించాలి. లోపల చేరిన పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పక్కన ఆగి ఈ పనులకి పెట్టే పదిహేను నిమిషాల వల్ల ఇంకో లాభం ఉంది. హైవే మీద గంట నడిచిన ట్రైలర్ హబ్బులు, అంటే చక్రాల మధ్య బేరింగులు ఉండే భాగాలు, వేడెక్కి ఉంటాయి. వాటిని అలాగే చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సీలు పక్కనుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. నీళ్ళు చేరిన గ్రీజు తెల్లగా పాలలా మారుతుంది. తర్వాత కొన్ని వారాలకి ఏ హైవే పక్కనో బేరింగు అరిగిపోయి చక్రం ఊడుతుంది. అందుకే హబ్బు మీద చెయ్యి నిలిచేంత చల్లారాకే నీళ్ళలో దించాలి.

ట్రైలర్ లైట్లని ట్రక్కుకి కలిపే ప్లగ్ సంగతి చాలామంది సగమే తెలుసుకుంటారు. పాతకాలపు బల్బులైతే నీళ్ళలోకి వెళ్ళేముందు ప్లగ్ తీసేయాలి, లేకపోతే వేడి బల్బు చన్నీళ్ళు తగిలి పగులుతుంది. సీలు చేసిన ఎల్ఈడీలకి ఆ భయం లేదు. అయితే డిస్క్ బ్రేకులున్న ట్రైలర్లకి తరచు 5 పిన్నుల ప్లగ్ ఉంటుంది. ఆ ఐదో తీగ ట్రక్కు రివర్స్ లైటుకి కలిసి ఉండి, వెనక్కి పోయేటప్పుడు ట్రైలర్ బ్రేకులు పట్టకుండా ఆపుతుంది. దాన్ని ముందే పీకేస్తే వెనక్కి పోయేటప్పుడు ట్రైలర్ మొరాయించవచ్చు. ట్రక్కు మూలుగుతూ ఉంటుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

వెనక్కి నడపడానికి చిట్కా ఒక్కటే. స్టీరింగ్ కింది అంచున, గడియారంలో ఆరు ఉండే చోట చెయ్యి పెట్టండి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక అటే పోతుంది. కొంచెమే జరపాలి, ఆగి చూడాలి, మళ్ళీ కొంచెం. ట్రైలర్ వంకర తిరగడం మొదలైతే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా, ముందుకి ఒక ట్రక్కు పొడవు వెళ్ళి తిన్నగా చేసుకుని మళ్ళీ రండి. పొట్టి ట్రైలర్ పొడవాటిదానికంటే త్వరగా మెలి తిరుగుతుంది. జెట్ స్కీ (నీళ్ళ మీద నడిపే స్కూటర్) ట్రైలర్‌తో తంటాలు పడేవాళ్ళు ఎక్కువ కనిపించేది అందుకే. ఇది నేర్చుకునే చోటు ర్యాంపు కాదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగులో గీతల మధ్య గంటసేపు చేస్తే వచ్చేస్తుంది. వాలు దిగేటప్పుడు అద్దాలు దించి, సీటు బెల్టు తీసి ఉంచండి. పిల్లల్ని ట్రక్కు వెనకా ట్రైలర్ పక్కనా నిలబడనివ్వద్దు.

దింపడం తేలిక. బోటు వెనక భాగం తేలడం మొదలయ్యేదాకా వెనక్కి వెళ్ళి, పార్కింగ్ బ్రేకు వేసి, ఆ తర్వాతే గేరు పార్కులో పెట్టండి. ఒకరు ముందు తాడు చేతిలో పట్టుకున్నాకే వించ్ పట్టీ, గొలుసు విప్పాలి. ఇంజన్ స్టార్ట్ అయిందని చూసుకుని బోటుని వెనక్కి వదిలి, తాడుతో డాక్ చివరికి, లేన్‌కి అడ్డం లేని చోటికి లాగి కట్టాలి. ట్రక్కు వెంటనే పైకి వెళ్ళిపోవాలి. జనం ఎక్కేదీ ఫోటోలు దిగేదీ డాక్ ఆ చివరే.

ఎక్కించడంలో వచ్చే తిప్పలన్నీ దాదాపు ఒక్కచోటే పుడతాయి: ట్రైలర్ ఎంత లోతులో ఉంది? మనవాళ్ళ బోట్లకి ఎక్కువగా ఉండేది బంకు ట్రైలర్, అంటే కార్పెట్ చుట్టిన రెండు పొడవాటి చెక్కలు. ముందు వాటిని పూర్తిగా ముంచి తడపాలి, తడి కార్పెట్ మీదే బోటు జారుతుంది. తర్వాత బంకుల ముందు భాగం, దాదాపు మూడో వంతు, నీళ్ళపైకి కనిపించేదాకా ముందుకి లాగి ఆపాలి. చాలా ట్రైలర్లకి అప్పుడు చక్రాల మడ్‌గార్డుల పైఅంచు సరిగ్గా నీటిమట్టానికి వస్తుంది. ఆ గుర్తు మీ ట్రైలర్‌కి ఒకసారి పట్టుకోండి. వాలు నిటారుగా ఉన్న ర్యాంపులో అది కాస్త మారుతుంది, ఎందుకంటే అక్కడ ట్రైలర్ వెనక భాగం ఎక్కువ లోతుకి పోతుంది.

కొత్తవాళ్ళు చేసే తప్పు మరీ లోతుకి పోవడం. లోతు ఎక్కువైతే బోటు తేలికగా వచ్చేస్తున్నట్టే ఉంటుంది, కానీ దాన్ని పట్టి ఉంచడానికి కింద బంకులు ఆనవు. చిన్న గాలికే వెనక భాగం పక్కకి కొట్టుకుపోతుంది. పైకి లాగాక చూస్తే బోటు ఒక బంకు మీద ఒరిగి వంకరగా కూర్చుంటుంది, లేదా బోటు ముక్కుకీ ట్రైలర్ ముందున్న రోలర్‌కీ మధ్య మూడు నాలుగు అంగుళాల సందు మిగులుతుంది. పొడి నేల మీద ఆ సందుని వించ్‌తో పూడ్చాలని చూస్తే పట్టీ తెగుతుంది, లేదా హ్యాండిల్ వెనక్కి తిరిగి ముంజేతిని విరగ్గొడుతుంది. మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళి, ఈసారి ట్రక్కుని ఒక అడుగు ముందే ఆపి ఎక్కించడమే దారి. బోటు ఆ రోలర్‌కి మూడడుగుల దూరంలో ఆగిపోయి కదలకపోతే లోతు తక్కువైందని. అప్పుడు ట్రక్కుని ఒక్క అడుగు వెనక్కి. సర్దుబాటు ఎప్పుడూ అడుగు చొప్పునే.

బోటు నడిపేవాళ్ళు జనాన్ని డాక్ దగ్గర దింపేసి, ఇంజన్‌ని కొంత పైకి ఎత్తి, నడక వేగంతో తిన్నగా రావాలి. ఔట్‌బోర్డు బోటుకి, అంటే ఇంజన్ వెనక బయట తగిలించినదానికి, ప్రొపెల్లర్ తిరుగుతున్నంతసేపే స్టీరింగ్ పనిచేస్తుంది. న్యూట్రల్‌లో బోటు మీ మాట వినదు, గాలి మాట వింటుంది. అందుకే ఐడిల్‌లో గేరు వేస్తూ తీస్తూ రావాలి. పక్కగాలి ఉంటే గాలి వచ్చే వైపున్న గైడ్ పోల్‌కి (ట్రైలర్ పక్కన నిలువుగా ఉండే గొట్టానికి) గురిపెట్టండి, మధ్యకి గాలే తెస్తుంది. సరిగ్గా రాకపోతే పూర్తిగా వెనక్కి వెళ్ళి మళ్ళీ రావడంలో నామోషీ ఏమీ లేదు. సగంలో వంకరని సరిచేయబోయేవాళ్ళే డాక్‌ని గుద్దుతారు.

చివరి రెండడుగులూ వించ్ పని. బోటు ముక్కు కింది ఇనుప రింగుకి పట్టీ తగిలించి, వించ్ పళ్ళకి అడ్డుపడే కొక్కెం పట్టిందని చూసి తిప్పాలి. రింగు ముందు రోలర్ కిందకి వచ్చి కూర్చోవాలి. పట్టీకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. గొలుసు అక్కడే తగిలించి, తర్వాతే కదలాలి.

ఇక్కడే కొందరు వించ్ తిప్పే ఓపిక లేక థ్రాటిల్ తోసి బోటుని ట్రైలర్ మీదికి ఎక్కిస్తారు. చాలా ర్యాంపుల దగ్గర దీన్ని వద్దంటూ బోర్డులుంటాయి. ప్రొపెల్లర్ తోసే నీళ్ళు కాంక్రీటు చివర మట్టిని తవ్వేస్తాయి. అక్కడ గుంట, దాని వెనక మట్టిదిబ్బ తయారవుతాయి. నీటిమట్టం తగ్గిన ఆగస్టులో ఎవరో ట్రైలర్‌ని కాస్త ఎక్కువ వెనక్కి తోస్తారు. చక్రాలు కాంక్రీటు అంచు దాటి ఆ గుంటలో పడతాయి. అలా పడితే ట్రక్కుతో గుంజవద్దు, ఇరుసు వంగిపోతుంది. బోటుని మళ్ళీ తేల్చి పక్కకి తీసి, ఖాళీ ట్రైలర్‌ని జాకీతోనో నలుగురి చేతులతోనో అంచు మీదికి లేపాలి.

జెట్ స్కీలకి వేరే జాగ్రత్త ఉంది. మూడడుగుల కంటే తక్కువ నీళ్ళలో ఇంజన్ ఆడిస్తే కింది నుంచి రాళ్ళనీ ఇసుకనీ పంపు లోపలికి పీల్చుకుంటుంది. జెట్ స్కీలని తాడుతో లాగి ఎక్కించుకోవడమే మేలు.

డ్రెయిన్ ప్లగ్ మరిచిపోయి దింపారని తెలిస్తే బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపు వేసి, వెంటనే బోటుని ట్రైలర్ మీదికి తెండి. గ్యాలన్ నీళ్ళ బరువు 8 పౌండ్లు దాటుతుంది. వంద గ్యాలన్లు చేరాయంటే 830 పౌండ్లకి పైనే. ఆ బరువుతో ఒక్కసారిగా పైకి లాగితే ట్రైలర్ విరగొచ్చు, నాచు పట్టిన కాంక్రీటు మీద టైర్లూ జారతాయి. కాబట్టి అడుగు లాగి ఆగండి, నీళ్ళు కారనివ్వండి, మళ్ళీ అడుగు. ఈ ఒక్క సందర్భంలో లేన్ ఎంతసేపు పట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు.

చీకటి పడ్డాక వెనక్కి వచ్చేవాళ్ళు ర్యాంపు మీద హెడ్‌లైట్లు ఆపి పార్కింగ్ లైట్లు మాత్రం ఉంచాలి. పక్క లేన్‌లో వెనక్కి వస్తున్నవాడి అద్దాల్లో ఆ వెలుగు పడితే అతనికి ఏమీ కనిపించదు. కయాక్‌లు ఉన్నవాళ్ళు లేన్‌లో కాకుండా పక్క ఒడ్డు నుంచి దించుకోవాలి. తంటాలు పడుతున్నవాడికి నలుగురు నాలుగు వైపుల నుంచి అరిచి చెప్పడం కంటే, ఒక్కరు వెళ్ళి "తాడు పట్టుకోనా?" అని అడగడం నయం.

పైకి వచ్చాక మళ్ళీ పక్కకే. వెనక పట్టీలు రెండూ కట్టి, డ్రెయిన్ ప్లగ్ తీసి, బోటులోనూ లైవ్‌వెల్‌లోనూ (పట్టిన చేపల్ని బతికుంచే తొట్టిలో) ఉన్న నీళ్ళు పూర్తిగా వదిలేయాలి. ట్రైలర్‌కి చుట్టుకున్న నాచు పీకేయాలి. టెక్సస్‌లో జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప 2009లో టెక్సోమా లేక్‌లో కనిపించింది. కంటికి కనిపించని దాని పిల్లలు నిలవ నీళ్ళలో ఒక లేక్ నుంచి ఇంకోదానికి వెళతాయి. 2014 జులై నుంచి రాష్ట్రమంతా బోటులో నీళ్ళు ఖాళీ చేయకుండా లేక్ నుంచి బయల్దేరడం చట్టవిరుద్ధం, జరిమానా పడుతుంది.

ఇంటిదారిలో ఐదారు మైళ్ళు వెళ్ళాక మొదటి గ్యాస్ స్టేషన్‌లో ఆగండి. పట్టీలు వదులయ్యాయేమో లాగి చూడండి, హబ్బుల మీద చెయ్యి పెట్టండి. అన్నీ గోరువెచ్చగా ఉంటే బయల్దేరండి. ఒక్కటి మాత్రం చెయ్యి నిలవనంత కాలుతుంటే ఆ బేరింగులోకి నీళ్ళు ఎప్పుడో వెళ్ళి ఉండొచ్చు, ఆ రాత్రి హైవే ఎక్కవద్దు.