కడుక్కోమన్న ముఖానికే బూడిద

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు పూజలో చదివే సువిశేషం మత్తయి ఆరో అధ్యాయంలోది. ఉపవాసం ఉన్నప్పుడు ముఖం వేలాడేసుకుని తిరగొద్దు, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కో, నీ తండ్రికి తప్ప ఇంకెవరికీ తెలియనివ్వకు అంటాడు ప్రభువు. ఆ తర్వాత కాసేపటికే ఫాదర్‌గారు అదే ముఖం మీద బూడిదతో సిలువ గీస్తారు. పెద్దవాళ్లు ఈ తిరకాసును పెద్దగా పట్టించుకోరు గానీ, మగపిల్లల బోర్డింగులో పూజ ముగిసేలోపే అది బయటపడుతుంది. ఎవడి సిలువ పెద్దది, ఎవడిది చెరిగింది, ఎవడు పోయి అద్దంలో చూసుకున్నాడు! ఫుట్‌బాల్‌లో గోల్స్ లెక్కపెట్టుకునే వయసు, దీన్నీ లెక్కపెడతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. బూడిద పెట్టించుకోవడం నిమిషం పనైతే, నిరుటి మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) మట్టలు కాల్చి దాన్ని తయారుచెయ్యడం రెండు మూడు రోజుల పని. ఆ పని పిల్లల చేతికిస్తే, ఎవరూ చూడకుండా చెయ్యమన్న మాట వాళ్లకు చేతుల్లోంచి అర్థమవుతుంది.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం పిల్లలది బరంపురం మేత్రాసనం (ఒక బిషప్‌గారి పరిధి). గుణుపురం, రాయగడ పిల్లలది 2016లో ఏర్పడిన రాయగడ మేత్రాసనం. ఏ విచారణ (ఒక చర్చి పరిధి) నుంచి వచ్చినవాడికైనా క్రిస్మస్ సెలవులకు వెళ్లేముందే చెప్పాలి: నిరుడు మట్టల ఆదివారం నాడు ఇంటికి తెచ్చుకున్న మట్ట గుమ్మం మీదో, సిలువపటం వెనకో ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు తీసుకురండి అని. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న పడింది, 2025లో మార్చి 5న. పండుగ దగ్గరపడ్డాక అడిగితే ఇంట్లోవాళ్లు పొయ్యిలో పెట్టేసి ఉంటారు.

తెచ్చినవన్నీ ఒకే రకంగా ఉండవు. పల్లపు ఊళ్ల తెలుగు పిల్లలు కొబ్బరాకు తెస్తారు, కొండ మీద నుంచి వచ్చే సవర పిల్లలు ఈతాకో జీలుగాకో తెస్తారు. ఈతాకు ఇట్టే అంటుకుంటుంది. కొబ్బరాకుకు ఈనె తీసెయ్యాలి. లేకపోతే ఆకు నల్లబడే సరికి ఈనె సగం కాలి పుల్లలా మిగిలి, జల్లెడలో గుచ్చుకుంటుంది. సిలువలా అల్లినవాటిని తప్పకుండా విప్పాలి, ముడి లోపల గాలాడక పచ్చిగానే ఉండిపోతుంది. రిబ్బను, తీగ, స్టేప్లర్ పిన్ను, ప్లాస్టిక్ పువ్వు అన్నీ ఏరెయ్యాలి. వానాకాలంలో బూజు పట్టినవి రెండు రోజులు ఎండలో వెయ్యాలి. వంటింటి పొగకు ఎండిన మట్టలే అన్నిటికంటే బాగా కాలతాయి.

వందమందికి రెండు పెద్ద చెంచాల పొడి సరిపోతుంది. దానికి బాగా ఎండిన ఆకు పావుకిలో చాలు. ఆదివారమో సోమవారమో సాయంత్రం ఇనప మూకుట్లో తుంచి వేసి అంటించాలి. మంట లేచాక మూత సగం కప్పితే ఆకు తెల్లబూడిద కాకుండా నల్లటి బొగ్గుగా దిగుతుంది. నుదుటి మీద కనిపించేది ఆ నలుపే. కిరోసిన్ మాత్రం వద్దు. ఆ వాసన పోదు, చర్మం మండుతుంది. కాలుతున్నంతసేపూ పిల్లలచేత 51వ కీర్తన మెల్లగా చదివించవచ్చు, ఆ రోజు పూజలో పాడేది కూడా అదే. రాత్రికి మూకుడు బయటే ఉంచాలి. పైకి చల్లారినట్టున్నా అడుగున నిప్పు ఉంటుంది, ప్లాస్టిక్ డబ్బాలో పోశారంటే డబ్బా కరిగిపోతుంది. మర్నాడు రోట్లో నూరి, ముందు టీ జల్లెడలో, తర్వాత పలచటి నూలుగుడ్డలో జల్లించాలి.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పొడి అంటుకోవడం లేదని నీళ్లు కలిపేస్తారు. వెనకటికి చాకిరేవులో బట్టల మురికి వదలగొట్టిన బూడిదనీళ్లు గుర్తు చేసుకుంటే ప్రమాదం అర్థమవుతుంది: బూడిదలోని క్షారం తడి తగలగానే చర్మాన్ని కొరుకుతుంది. పిల్లల నుదురు ఎర్రగా కంది బొబ్బలెక్కుతుంది. ఆశీర్వదించేటప్పుడు చల్లే తీర్థపు చుక్కలు చాలు. అంటుకోవాలంటే చెంచా పొడికి రెండు చుక్కల కొబ్బరినూనె వెయ్యండి.

అసలు నుదుటి మీదే గీయాలనేమీ లేదు. తల వంచమని నడినెత్తిన చిటికెడు చల్లే పద్ధతి ఇటలీలోనూ ఇంకా చాలాచోట్లా ఉంది. మగపిల్లల బడికి అదే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. చల్లింది జుట్టులో కలిసిపోతుంది, పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. తెల్ల చొక్కా కాలరు మీద కాస్త రాలుతుంది, అంతే. నుదుటి మీద పెట్టినా, క్లాసుకు వెళ్లేముందు కడుక్కున్నవాణ్ణి మందలించవద్దు, సువిశేషం చెప్పిందే వాడు చేశాడు.

కతోలికులు కాని పిల్లలు ఇలాంటి బళ్లలో చాలామంది ఉంటారు. విభూది జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు కనుక, ఇష్టపడి ముందుకొచ్చిన ఎవరికైనా పెట్టవచ్చు. అయితే వరసలో నిలబెట్టకూడదు. గుర్తింపు పొందిన బడిలో సంరక్షకుల సమ్మతి లేనిదే పిల్లవాణ్ణి ఆరాధనకు హాజరు కమ్మనకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. పూజ వేళ వాళ్లకు చదువుకునే గది తెరిచి ఉంచాలి.

ఇక ఉపవాసం. తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి, ఉపవాసం 18 నిండినవారికి. అంటే బోర్డింగులో దాదాపు ఎవరికీ ఉపవాసం విధి కాదు. అయినా పంతానికి పోయి పొద్దున్నించీ ఏమీ తినకుండా అసెంబ్లీలో శోష వచ్చి పడేవాళ్లుంటారు, అదీ పదో తరగతి బోర్డు పరీక్షల రోజుల్లో. పొద్దున చోడంబలి (రాగి అంబలి) అందరూ తాగాల్సిందే అని వార్డెన్ ముందే చెప్పెయ్యాలి. మానుకోవలసింది సాయంత్రం మిక్చరు. ఎవరు ఏం మానుకున్నారో పేర్లు రాసి నక్షత్రాలు అంటించే చార్టు గోడ మీద పెట్టారా, ఆ ఏడాది తపస్సుకాలం పోటీగా మారినట్టే.

దాని బదులు మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి, వారానికోసారి వంటకు ముందు ఒక్కొక్కరు పిడికెడు బియ్యం అందులో వెయ్యనివ్వండి. పిల్లవాడి పిడికిలికి 40, 50 గ్రాములు పడతాయి. 80 మందికి మూడు కిలోల పైన, నాలుగు కిలోల దాకా. వంటమనిషి అంత బియ్యమూ ఆ పూట ఎసట్లో తగ్గించాలి. తగ్గించకపోతే పిల్లలు ఎప్పటిలాగే తింటారు, ఇచ్చింది స్టోరు రూము అవుతుంది. పునరుత్థాన పండుగ దాకా నిల్వ పెడితే పురుగు పడుతుంది కనుక, శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక ఏ వారానికావారం పంపెయ్యాలి. ఏ ఇంటికి వెళ్తోందో వార్డెనుకూ, మోసే ఇద్దరికీ తెలిస్తే చాలు. వచ్చే వారం మోసేది వేరే ఇద్దరు.