నాకు సమయమైనప్పుడు

మొన్న ఉపవాస కూడిక అయ్యాక మందిరం మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక సహోదరి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. వాక్యం ఆమెను గట్టిగా తాకిందని చూస్తేనే తెలుస్తోంది. పక్కనున్న పెద్దావిడ "ఇవాళే ఆ సంగతి సరిచేసుకోమ్మా" అంది. "చూద్దాం అక్కా, పిల్లల పరీక్షలు అవ్వనీ" అంటూ ఆమె ఆటో ఎక్కేసింది. నా మనసు చివుక్కుమంది. ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ నలభై రోజులూ ఒంటిపూట ఉంటాం, తెల్లచీర కడతాం, శుక్రవారం కూడికలు మానం. దేవుడు వేలు పెట్టి చూపించిన ఆ ఒక్క విషయం మాత్రం వాయిదా వేస్తాం.

"ఇప్పటికి వెళ్లుము, నాకు సమయమైనప్పుడు నిన్ను పిలువనంపుదును." అపొస్తలుల కార్యములు 24:25. ఖైదీగా ఉన్న అపొస్తలుడు పౌలు వాక్యం చెబుతుంటే భయపడి, యూదయను ఏలే రోమా అధిపతి ఫేలిక్సు అన్న మాట.

ఈ వచనం మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఆలస్యం చేయకు, రేపు నీది కాదు, ఫేలిక్సుకు ఆ సమయం మళ్ళీ రాలేదు అంటారు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను. ఒక్క వచనం కిందికి వెళ్ళి చదవండి. "మాటిమాటికి అతనిని పిలిపించి అతనితో సంభాషణ చేయుచుండెను." సమయం వచ్చింది! రెండేళ్ళ పాటు వస్తూనే ఉంది. పౌలు ఎక్కడికీ పోలేదు, ఫేలిక్సు ఉండే కైసరయ ఊళ్ళోనే కావలిలో ఉన్నాడు. పిలిచినప్పుడల్లా వచ్చాడు. కానీ ఫేలిక్సు మళ్ళీ భయపడ్డాడని ఈ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. సమయం తిరిగి వచ్చింది గానీ, ఆ మొదటి రోజు పట్టిన వణుకు తిరిగి రాలేదు.

ఆ వణుకు ఎలాంటి మనిషికి వచ్చిందో చూడండి. ఫేలిక్సు బానిసగా ఉండి విడుదల పొందినవాడు. అన్న పల్లాసు క్లౌదియ చక్రవర్తి దగ్గర ఖజానా లెక్కలు చూసే పెద్ద మనిషి. ఆ అండతోనే క్రీ.శ. 52లో యూదయకు అధిపతి అయ్యాడు. రోమా చరిత్రకారుడు టాసిటస్ ఇతని గురించి రాస్తూ, రాజుకుండే అధికారాన్ని బానిస బుద్ధితో చెలాయించాడన్నాడు. పుట్టుకను పట్టుకుని మనిషిని తక్కువ చేసే ఆ మాట నాకు నచ్చదు. అలాంటి మాటలు పడ్డ ఇళ్ళ నుంచే మనలో చాలామందిమి మందిరానికి వచ్చాం. ఫేలిక్సు తప్పు అతని పుట్టుకలో లేదు, చేతల్లో ఉంది. ప్రధానయాజకుడైన యోనాతాను పాలన సరిగా చెయ్యమని మాటిమాటికీ చెబుతుంటే విసిగిపోయి, డబ్బిచ్చి అతన్ని చంపించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మంచి చెప్పేవాడి నోరు ఒకసారి అలా మూయించిన మనిషి ముందు ఇప్పుడు పౌలు నిలబడ్డాడు.

ఆ రోజు పక్కన భార్య ద్రుసిల్ల కూడా ఉంది. అంతకుముందు ఆమె సిరియాలోని ఎమెసా రాజు భార్య. ఫేలిక్సు ఆమె అందం చూసి, మాంత్రికుణ్ణని చెప్పుకునే ఒకడిని మధ్యవర్తిగా పంపి, మొగుణ్ణి వదిలించి తెచ్చుకున్నాడు. ఆమె తండ్రి ఎవరో తెలుసు కదా, అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించిన హేరోదు అగ్రిప్ప రాజు. జనం "దైవస్వరము" అని కేకలు వేసినప్పుడు దేవుణ్ణి మహిమపరచక దూత దెబ్బ తిన్నది ఇదే కైసరయలో, క్రీ.శ. 44లో. అప్పటికి ద్రుసిల్ల ఆరేళ్ళ పిల్ల. ఇప్పుడు ఇరవై ఏళ్ళకు అటూఇటూగా అదే ఊళ్ళో అధిపతి భార్యగా కూర్చుంది.

వాళ్ళిద్దరి ముందు పౌలు మూడు మాటలు ఎత్తుకున్నాడు. లంచం కోసం ఎదురుచూసే న్యాయాధిపతికి నీతి. పరాయివాడి భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నవాడికి ఆశానిగ్రహం. ఇక మూడోది, రాబోవు విమర్శ. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇప్పుడు విమర్శ అంటే పేపర్లో ఒకరినొకరు తిట్టుకోవడం అయిపోయింది. మన బైబిలులో దాని అర్థం విచారణ, తీర్పు. రోజూ విమర్శ చేసే కుర్చీలో కూర్చున్నవాడికి, నిన్నూ విమర్శకు పిలిచే కుర్చీ ఒకటుందని ఒక ఖైదీ చెబుతున్నాడు. అప్పుడు "మిగుల భయపడి" అని ఉంది. ప్రియులారా, ఆ భయం శిక్ష కాదు. అంత పాపి మీద కూడా దేవుడు చెయ్యి వేశాడు. అదే కృప.

ఆ చేతిని అతను మర్యాదగానే తప్పించాడు. పౌలును తిట్టలేదు, కొట్టించలేదు. తరువాత పిలిచినప్పుడు మాత్రం కళ్ళు పౌలు సంచి మీదున్నాయి. స్వజనులకు దానద్రవ్యం తెచ్చానని పౌలు విచారణలో అన్న మాట చెవిలో పడింది కదా! చివరికి యూదులచేత మంచివాడనిపించుకోవాలని పౌలును బంధకాల్లోనే వదిలిపోయాడు. ఆ మంచిపేరూ దక్కలేదు. కైసరయ యూదులు రోమా దాకా వెళ్ళి ఫిర్యాదు చేస్తే, అన్న పల్లాసు నీరో చక్రవర్తిని బతిమాలుకుని కాపాడాడు.

నా సంగతి చెప్పాలి. పొలం గట్టు తగాదాతో అన్నయ్యకూ నాకూ మాటలు పోయాయి. ఒక ఉపవాస కూడికలో "నీ సహోదరునితో సమాధానపడుము" అని అయ్యగారు చదువుతుంటే నా చేతిలో బైబిలు వణికింది. బయటికొచ్చి ఫోన్ తీశాను. అన్నయ్య నంబరు స్క్రీన్ మీద ఉంది. కోతలవ్వనీ అనుకుని జేబులో పెట్టేశాను. కోతలయ్యాయి. తర్వాత బంధువుల పెళ్ళిళ్ళలో కలిశాం, పక్కపక్కన కూర్చుని భోంచేశాం, ధాన్యం రేటు, పిల్లల చదువులు అన్నీ మాట్లాడుకున్నాం. ఆ సంగతి తప్ప. పైకి అంతా బాగుంది. లోపల వణుకు లేదు. అలా ఆరేళ్ళు గడిచాయి.

అందుకే బతిమాలుతున్నాను. ఉపవాసం రేపు మానినా ఎల్లుండి ఉండొచ్చు. వాక్యం వింటూ గుండె దడదడలాడిన రోజున మాత్రం ఇంటికెళ్ళాక చూద్దాం అనకండి. చెప్పులు వేసుకోకముందే ఫోన్ చెయ్యండి. బాకీ ఉంటే బాకీ, క్షమాపణ అయితే క్షమాపణ. మాటలు తడబడినా ఫర్వాలేదు.

పోయిన లెంట్‌లో ఒక రాత్రి ఈ అధ్యాయమే చదువుతుంటే నాకు ఆ వణుకు మళ్ళీ వచ్చింది. నాకు ఆ అర్హత లేదు, ఆయన కనికరం. టైమ్ పదకొండు దాటింది. రెండో రింగుకే అన్నయ్య ఎత్తాడు.

"ఏరా, ఇంత రాత్రప్పుడు? కోత మిషన్ గురించా?"

"కాదన్నయ్యా" అన్నాను. "గట్టు గురించి."